డ్రమ్ము మీద ఎవరి పేరు?

ఎగుమతి, దిగుమతి చేసేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఐఈసీ నంబరు కావాలంటే 500 రూపాయల ఫీజు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఇంట్లో కూర్చునే అప్లై చేసుకోవచ్చు. మా పెద్దమ్మ మనవడు తిరుపతిలో ఎంబీఏ చదువుతూనే తీసేసుకున్నాడు. "అత్తా, ఐఈసీ వచ్చేసింది. మామిడి గుజ్జు ఏ దేశానికి పంపితే బాగుంటుందో ఇంక నువ్వే చెప్పాల" అని ఫోన్ చేశాడు. దేశం సంగతి తర్వాత చూద్దాం నాయనా, ముందు డ్రమ్ము మీద ఎవరి పేరు వేస్తావు, డబ్బులు చేతికొచ్చేదాకా ఎవరి డబ్బుతో నడుపుతావు, ఆ రెండూ చెప్పు అన్నా. ఫోన్లో సగమే చెప్పగలిగా. మిగతాది ఇక్కడ రాస్తున్నా. వాడితో పాటు ఇంకెవరికైనా పనికొస్తే మంచిదే.

నేను బీకాం. చిత్తూరు దగ్గర గుడిపాల వైపు ఉన్న ఒక చిన్న పల్ప్ ఫ్యాక్టరీలో లెక్కలు రాయడానికి చేరి, మెల్లగా ఎక్స్‌పోర్ట్ కాగితాల పనిలో పడ్డా. మా యజమానిని అందరం అన్న అనే పిలుస్తాం. చిన్న ఫ్యాక్టరీ అంటే ఎంత చిన్నది అంటారేమో. 2025 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ లెక్క ప్రకారం యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటకపోతే చిన్న పరిశ్రమ. మేం ఆ గీతకు చాలా కిందే ఉంటాం. నా లెక్క మాత్రం వేరే. ఒక్క కంటైనర్ డబ్బు ఆగితే ఆ నెల జీతాలు ఆలస్యమయ్యేది చిన్న కంపెనీ.

సరుకు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మేం బెంగళూరా అని పిలిచే తోతాపురి కాయ మా జిల్లాలో జూన్, జూలైల్లో కోతకొస్తుంది. ఉప్పూ కారం అద్దుకుని తినేది పోను మిగతాదంతా గుజ్జుకే. కాయను మాగబెట్టి, కడిగి, గుజ్జు తీసి, బాగా వేడిచేసి, చల్లార్చి, అల్యూమినియం పొర ఉన్న అసెప్టిక్ సంచుల్లో నింపుతాం. ఒక్కో సంచి ఒక్కో ఇనుప డ్రమ్ములో, 215 కిలోలు. ఇరవై అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు పడతాయి, అంటే 17.2 టన్నులు. అంత గుజ్జు రావాలంటే 30 టన్నులకు పైనే కాయ కావాలి. ఫ్రిజ్ అక్కర్లేదు, ఏడాదిన్నర పైనే నిలవుంటుంది. చిత్తూరు నుంచి చెన్నై పోర్టు 150 కిలోమీటర్లు. సాయంత్రం సీలు వేసి పంపిన లారీ తెల్లారేసరికి అక్కడ ఉంటుంది.

మా గుజ్జు చాలా ఏళ్ళుగా విదేశాలకు పోతూనే ఉంది, మా పేరే పోలేదు. మర్చంట్ ఎక్స్‌పోర్టర్లు, అంటే మాలాంటివాళ్ళ దగ్గర కొని తమ పేరుతో విదేశాలకు పంపేవాళ్ళు, ఆర్డరు పెడతారు. డ్రమ్ము మీద వాళ్ళ లేబులు, వాళ్ళ బ్రాండు. మన లైసెన్స్ నంబరు ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంతే. షరతులు పాటిస్తే వాళ్ళకు వేసే బిల్లు మీద జీఎస్టీ 0.1 శాతమే. 90 రోజుల్లో వాళ్ళు సరుకును దేశం దాటించాలి. డబ్బులు రూపాయల్లో, కాస్త ముందూ వెనకగా వచ్చేస్తాయి. ఓడ ఎక్కడుందో, డాలరు ఎటు పోయిందో మనకు పట్టదు. కుర్రాళ్ళు దీన్ని చిన్నచూపు చూస్తారు, మధ్యలో వాళ్ళు తినేస్తున్నారంటారు. తింటారు, నిజమే. ఆ తినేదాంట్లో ఎన్ని రకాల తలనొప్పులు కలిసి ఉన్నాయో సొంతంగా పంపితే గానీ తెలీదు.

అన్నకు మాత్రం సొంత పేరు మీద పంపాలని పట్టుదల. మొదటి కస్టమరు గల్ఫ్‌లో దొరికాడు. ఎలా దొరికాడంటే, మా లోడింగ్ సూపర్‌వైజర్ బావమరిది కువైట్‌లో ఒక జ్యూస్ కంపెనీ గోడౌన్‌లో పనిచేస్తాడు. కడప, రాయచోటి, పీలేరు వైపు ఏ ఊరికెళ్ళినా ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు కదా. అతను కొనుగోళ్ళు చూసే కేరళ మేనేజరు నంబరు ఇచ్చాడు. శాంపిల్ పంపాం, ధర కుదిరింది. స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు 1977లో దీన్నే సిద్ధాంతంగా రాశారని ఆ ఎంబీఏ అల్లుడే చెప్పాడు: కంపెనీలు ముందు తమకు అలవాటున్న, మనుషుల తీరు తెలిసిన దేశాలకు పోతాయి, అక్కడ నేర్చుకుని దూరం పోతాయి అని. మాకు అది సిద్ధాంతం కాదు, బావమరిది ఫోన్ నంబరు. దుబాయ్‌లో గల్ఫుడ్, జర్మనీ కొలోన్‌లో అనూగా లాంటి ఎగ్జిబిషన్లకు, వ్యవసాయ సరుకుల ఎగుమతి చూసే కేంద్ర సంస్థ అపెడా పెవిలియన్‌లో స్టాల్ తీసుకుని వెళ్ళొచ్చు. కానీ నా ఉద్దేశంలో అవి పాత కస్టమర్లను రెండోసారి కలవడానికే బాగుంటాయి. కొత్తవాళ్ళు కార్డులు తీసుకుంటారు, నవ్వుతారు, తర్వాత మెయిల్‌కు జవాబివ్వరు.

రిజిస్ట్రేషన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అపెడాలో ఆర్సీఎంసీ అనే సభ్యత్వ పత్రం, ఆహార భద్రతకు ఎఫ్ఎస్ఎస్ఏఐ సెంట్రల్ లైసెన్స్, పోర్టులో మన బ్యాంకును నమోదు చేసే ఏడీ కోడ్, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం. ఓపికుంటే అన్నీ అయిపోతాయి. ఆడిటర్‌కు డబ్బిస్తే ఓపిక కూడా అక్కర్లేదు. గల్ఫ్ వాళ్ళు హలాల్ సర్టిఫికెట్ అడుగుతారు, కొందరు యూరప్ వాళ్ళు యూదుల ఆహార నియమాల కోషర్ సర్టిఫికెట్ అడుగుతారు. మామిడికాయకు ఇవన్నీ ఎందుకే అని మా అమ్మకు ఇప్పటికీ ఆశ్చర్యం. వాళ్ళ ఫ్యాక్టరీలోకి వచ్చే ప్రతి సరుకుకూ కాగితం ఉండాల్సిందే, మామిడికి మినహాయింపేం లేదు.

అసలు పని నాణ్యత దగ్గర మొదలవుతుంది. తీపి ఎంత, పులుపు ఎంత అనేది మీటర్లు చెప్పేస్తాయి. తోతాపురి అయితే తీపి కొలత 14 బ్రిక్స్ తగ్గకూడదంటారు. కొనేవాడు పేచీ పెట్టేది నల్ల మచ్చల దగ్గర. మా ల్యాబ్‌లో అమ్మాయి గాజు పలక మీద 10 గ్రాముల గుజ్జు వేసి, ఇంకో పలకతో పల్చగా అదిమి, కింద తెల్ల కాగితం పెట్టి పెన్ను మొనతో ఒక్కో మచ్చా లెక్కపెడుతుంది. తొక్క ముక్క గుజ్జులో పడినా మచ్చే, దెబ్బతిన్న కాయ పడినా మచ్చే. ఒప్పందంలో పది అని ఉంటే పదకొండో మచ్చ కనిపించిన బ్యాచ్ ఆ కస్టమరుకు పోదు, ఇక్కడి లోకల్ డ్రింకుల వాళ్ళకు తక్కువ ధరకు పోతుంది. సీజన్ నడిమధ్యలో, రాత్రి షిఫ్టులో కాయ ఏరే బెల్టు దగ్గర ఆడవాళ్ళు కునికిపాట్లు పడ్డారా లేదా అన్నది మర్నాడు ఆ పలక మీద కనిపిస్తుంది.

గల్ఫ్ తర్వాత అన్న చూపు హాలండ్ మీద పడింది. యూరప్‌కు పోయే గుజ్జు చాలావరకు రాటర్‌డామ్ పోర్టులో దిగుతుంది, అక్కడి ట్రేడర్లు జర్మనీకీ ఇతర దేశాలకూ పంచుతారు. ధర బాగుంటుంది. కానీ వాళ్ళు ముందుగా అడిగేది పురుగుమందుల రిపోర్టు. క్లోర్‌పైరిఫాస్ అని మా రైతులందరికీ తెలిసిన మందు ఉంది. యూరోపియన్ యూనియన్ 2020లో దాని అనుమతి తీసేసి, ఆహారంలో ఉండదగ్గ అవశేషాన్ని కిలోకు 0.01 మిల్లీగ్రాముకు దించేసింది. అంటే కంటైనర్ మొత్తానికి కలిపి 172 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పు కన్నా తక్కువ. అదొక్కటే కాదు, వందల మందులకు కలిపి ఒకేసారి పరీక్ష చేయించాలి. ప్రతి లాట్‌కూ ల్యాబ్ ఫీజు వేలల్లో ఉంటుంది.

ఇక్కడ మాకు అడ్డుపడింది ర్యాంపులు. మా వైపు కాయ ఎక్కువగా ర్యాంపుల మీదుగా వస్తుంది. రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ రైతుల దగ్గర చిన్న చిన్న లోడ్లు కొని, కలిపి ఫ్యాక్టరీలకు తోలుతారు. రైతుకు సులువు, మాకూ సులువు. కానీ ఒక లారీలో ఇరవై తోపుల కాయ ఉంటుంది. అందులో ఎవరు ఏ మందు ఎప్పుడు కొట్టారో ఎవరికి తెలుసు? ఒక్క తోపు కాయ చాలు, బ్యాచ్ అంతా ఫెయిల్ కావడానికి. అందుకని హాలండ్ ఆర్డరు కోసం ర్యాంపు కాయ మానేసి, తవణంపల్లె, బంగారుపాళ్యం వైపు కొంతమంది రైతుల దగ్గర నేరుగా కొనాలనుకున్నాం. డిసెంబరులో పూత రాకముందే వాళ్ళ దగ్గరికి పోయి మందుల పట్టిక ఇచ్చాం, ఇవి కొట్టొద్దు, ఇవి కొట్టొచ్చు, కొట్టిన తేదీ పుస్తకంలో రాయండి అని.

తవణంపల్లె దగ్గర ఒక పెద్దాయన ఆ పట్టికను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "తేనెమంచు పురుగొచ్చి పూతంతా మాడిపోతా ఉంటే చూస్తా కూర్చోమంటావా మ్మా? మీ దేశంకానిదేశపోడు వచ్చి నష్టం కడతాడా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయా. అన్న చెప్పాడు: "కట్టడు మామా. కిలోకు రూపాయిన్నర ఎక్కువ నేనిస్తా. పరీక్షలో పోతే కాయ మామూలు ధరకు తీసుకుంటా, తిప్పి పంపను." ఆ రెండో మాటకే ఆయన ఒప్పుకున్నాడు. రూపాయిన్నర ఎవరైనా ఇస్తామంటారు. గేటు దగ్గర ట్రాక్టరు వెనక్కి తిప్పకపోవడం ఎవరూ ఇవ్వని హామీ.

నా మట్టుకు విదేశీ వ్యాపారంలో సగం ఇదే. రాటర్‌డామ్‌లో గీసిన గీత తవణంపల్లె తోపులో పిచికారీ పంపు దగ్గర అమలు కావాలి. పెద్ద కంపెనీలకు దీనికోసం ఫీల్డ్ స్టాఫ్ ఉంటారు, జీపులు ఉంటాయి. మాకు నేనూ, మా స్టోర్ కీపర్ బైకూ.

ఇక కాగితాలు. జెడ్డాకు పంపిన ఒక సరుకు కథ చెబుతా. ఎల్‌సీ మీద ఆర్డరు, అంటే కొనేవాడి బ్యాంకు డబ్బుకు హామీ. చాలామంది ఎల్‌సీ ఉంటే నిశ్చింత అనుకుంటారు. కానీ బ్యాంకు చూసేది సరుకును కాదు, కాగితాలను. ఆ ఎల్‌సీలో ఓడ ఎక్కించాల్సిన ఆఖరి తేదీ జూలై నెలాఖరు. మా కంటైనర్లు నాలుగు రోజుల ముందే పోర్టులో ఉన్నాయి, కస్టమ్స్ కూడా అయిపోయింది. అంతలో షిప్పింగ్ లైన్ నుంచి మెయిల్: ఈ ఓడలో చోటు లేదు, వచ్చే ఓడకు మార్చాం. దీన్ని రోల్ ఓవర్ అంటారు. ఏడాదికి వందల కంటైనర్లు బుక్ చేసేవాడిని కదిలించరు, మాలాంటి రెండు మూడు కంటైనర్ల వాళ్ళను కదిలిస్తారు. ఓడలో చోటు బుక్ చేసిపెట్టే ఫార్వర్డర్‌కు ఫోన్ చేస్తే "ఏం చేయమంటారు మేడం, పీక్ సీజన్" అన్నాడు. వెంటనే ఎల్‌సీ తేదీ పొడిగించమని కొనేవాడిని అడిగాం. రేపు, ఎల్లుండి అంటూ నాన్చాడు.

ఆగస్టు మొదటి వారం తేదీతో బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడెక్కినట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం, వచ్చింది. కాగితాలు బ్యాంకులో ఇచ్చాం. రూలు ప్రకారం ఓడెక్కిన 21 రోజుల్లో ఇవ్వాలి, చూడటానికి ఒక్కో బ్యాంకుకు ఐదు పనిదినాలు. వచ్చిన జవాబు ఒక్క ముక్క: లేట్ షిప్‌మెంట్. అంటే హామీ పోయినట్టే. ఇప్పుడు కొనేవాడు దయతలచి ఒప్పుకుంటేనే డబ్బు. సరిగ్గా అప్పుడే మా జిల్లాలో కాయ విపరీతంగా వచ్చి గుజ్జు ధర దిగిపోతోంది, ఆ సంగతి అతనికీ తెలుసు. "సరుకు తీసుకుంటా, టన్నుకు ఇంత తగ్గించు" అన్నాడు. సరుకులో ఒక్క లోపం చూపలేదు. అన్న రెండు రోజులు కోపంగా తిరిగాడు, తర్వాత లెక్క వేశాం. జెడ్డా పోర్టులో ఉచితంగా ఉంచే రోజులు దాటితే రోజుకింత డెమరేజ్, అంటే ఆలస్యపు అద్దె. వెనక్కి తెప్పించుకుంటే రానూ పోనూ రెండు కిరాయిలు, ఇక్కడ మళ్ళీ కస్టమ్స్. అక్కడే ఇంకొకరికి అమ్ముదామంటే వాడు ఇంకా తగ్గించమంటాడు. బేరమాడి అతను అడిగినదాంట్లో సగం తగ్గించి తెంచేశాం. ఇప్పుడు ఎల్‌సీ తెరవకముందే డ్రాఫ్ట్ అడిగి తీసుకుంటాం. సరుకు సిద్ధమయ్యే తేదీకీ ఆఖరి తేదీకీ మధ్య కనీసం మూడు వారాలు ఉండేలా రాయిస్తాం. కుదరదంటే ఆర్డరు వదిలేస్తాం.

ఓడ కిరాయి ఎవరు కట్టాలన్నది ఇంకో పెద్ద చర్చ. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద హూతీల దాడులు మొదలయ్యాక, యూరప్‌కు పోయే ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోసాగాయి. పది పదిహేను రోజులు ఆలస్యం, కిరాయి కొండెక్కింది. జెడ్డా ఉన్నదే ఎర్ర సముద్రం మీద. కొందరు సరుకును గల్ఫ్ వైపున్న దమ్మామ్‌లో దింపి ట్రక్కుల్లో తోలించుకున్నారు. కిరాయితో కలిపి ధర ముందే చెప్పేసిన చిన్న ఎక్స్‌పోర్టర్లు ఆ నెలల్లో బాగా నలిగిపోయారు. మా నియమం ఎఫ్‌ఓబీ చెన్నై. ఓడెక్కించేదాకా మాది, తర్వాత నీది. కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ (కొనేవాడి రవాణాదారుకు అప్పగించేదాకానే మాది) వాడటమే సరైనదని పుస్తకాల్లో ఉంటుంది, చెన్నైలో అందరూ ఎఫ్‌ఓబీ అనే అంటారు. దీనిలోనూ చిక్కుంది. ఫార్వర్డర్‌ను కొనేవాడు పెడతాడు, వాడు మన మాట వినడు. అందుకే అడ్వాన్సు ఇవ్వని కొత్తవాడికి అతని ఫార్వర్డర్ ద్వారా మేం పంపం. మామూలుగా మా షరతు 30 శాతం ముందు, మిగతా 70 బిల్ ఆఫ్ లేడింగ్ స్కాన్ కాపీ చూపించాక. డబ్బు పడ్డాకే, సరుకు విడిపించుకోవడానికి కావాల్సిన ఒరిజినల్ కొరియర్‌లో పోతుంది.

మామిడి వ్యాపారంలో కొనుగోలంతా రెండు నెలల్లో అయిపోవాలి, అమ్మకం ఏడాదంతా సాగుతుంది. జూన్‌లో రైతుకు డబ్బివ్వాలి. ఆ గుజ్జు డిసెంబరులో ఓడెక్కుతుంది, డబ్బు ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది. మధ్యలో మమ్మల్ని నడిపేది బ్యాంకు ప్యాకింగ్ క్రెడిట్, అంటే ఎగుమతి సరుకు తయారీకి ముందే ఇచ్చే అప్పు. ఆ వడ్డీని ధరలో కలపకుండా లాభం లెక్కలేసే కుర్రాళ్ళను చూస్తే నాకు టెన్షన్. డబ్బు నిర్ణీత గడువులో దేశంలోకి రావాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. మేం మొదలుపెట్టినప్పుడు తొమ్మిది నెలలు, ఈమధ్య పొడిగించారు. రాకపోతే ఆ షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌లో వేసిన ఎగుమతి పత్రం, బ్యాంకు సిస్టంలో తెరుచుకునే ఉంటుంది, తర్వాత పంపే ప్రతి సరుకుకూ బ్యాంకువాళ్ళు దాని గురించే అడుగుతారు.

2025 సీజన్‌లో ఇదంతా రోడ్డు మీద కనిపించింది. ఫ్యాక్టరీల్లో పాత ఏడాది గుజ్జు డ్రమ్ములు కదల్లేదు, కొత్త కాయ మాత్రం విరగకాసింది. టోకెన్లు పట్టుకుని ట్రాక్టర్లు రోజుల తరబడి గేట్ల ముందు నిలబడ్డాయి. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇస్తామని, ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలని, రైతుకు మొత్తం 12 రావాలని చెప్పింది. ఫ్యాక్టరీలను అందరూ తిట్టారు. అందులో కొంత న్యాయమే, అవకాశం చూసి రైతును పిండినవాళ్ళు ఉన్నారు. కానీ గోడౌన్ నిండా అమ్ముడుపోని సరుకు, దాని మీద పెరిగే వడ్డీ ఉన్నప్పుడు కొత్త కాయ కొనే శక్తి చిన్న యూనిట్లకు ఉండదు. ఆ ఏడు మమ్మల్ని కాపాడింది సొంత పేరు మీద పోయిన సరుకు కాదు, మర్చంట్ ఎక్స్‌పోర్టర్లకు ముందే ఒప్పుకున్న సరుకు. అన్నకు ఈ మాట నచ్చదు, కానీ లెక్కల పుస్తకం నా దగ్గరుంది.

అందుకే ఇప్పుడు మేం పాటించే కొలత ఒకటే. ఆరు నెలలు డబ్బు రాకపోయినా రైతులకూ జీతాలకూ ఇబ్బంది రానంత సరుకే సొంత పేరుతో పంపుతాం. అది ఇప్పటికి మా గుజ్జులో మూడో వంతు. మిగతా రెండు వంతులు వేరేవాళ్ళ లేబులుతోనే పోతోంది, పోనీ. హాలండ్ సరుకు రెండు లాట్లు పరీక్ష పాసయ్యాయి, ఒకటి పోయింది. పోయిన లాట్ కాయకు అన్న చెప్పినట్టే మామూలు ధర ఇచ్చాడు.

జెడ్డా ఆయన ఈ ఏడు మళ్ళీ మెయిల్ పెట్టాడు. ఎల్‌సీ వద్దు, అడ్వాన్సూ వద్దు, 90 రోజుల అప్పు మీద పంపమంటున్నాడు. కొనేవాడు డబ్బు ఎగ్గొడితే పూచీపడే బీమా సంస్థ ఈసీజీసీ వాళ్ళను అతని మీద ఎంత లిమిట్ ఇస్తారో అడిగాం. వాళ్ళు చెప్పే అంకె వరకే పంపుతాం, ప్రీమియం ధరలో కలిపి కొటేషన్ ఇస్తాం. ధర ఎక్కువైందని అతను మళ్ళీ నాన్చుతాడు. నాన్చనీ, కువైట్ ఆర్డరు లోడింగ్ సోమవారం ఉంది.